లొరీన్ గది కిటికీ

నవ్వావా, లేదా? నిజం చెప్పు అమ్మాయ్. ఆ మ్యూజియం కుర్రాడు పంట్లాం కిటికీలోంచి విసిరేసినప్పుడు నవ్వావా? ఆఁ, నవ్వే ఉంటావులే, అందరూ నవ్వుతారు. ఇలా కూచో, ఈ బెంచీ నాదేం కాదు, ఊరిది. అన్నీ చూసేశావా మరి? గని చూశావా? బార్లో రెండు తలల దూడ? ఆ రెండో తల మా మేనమామ కుట్టిందే, దగ్గరకెళ్ళి చూస్తే మెడ కింద దారం కనపడుతుంది. రాళ్ళ కొట్లో ఏవన్నా కొన్నావా? కొనకు. అది మా బావమరిది కొట్టు, అందుకే చెప్తున్నా. ఆ ఊదారంగు రాళ్ళు మా కొండలోవి కావు, అట్టపెట్టెల్లో బ్రెజిల్ నుంచి దిగుతాయి. ఏం చేస్తాం మరి, గని మూతపడ్డాక మాకు అమ్ముకోడానికి పాత రోజులు తప్ప ఏం మిగిలాయి గనక. వాటిల్లో కూడా సగం మేం అల్లినవే. ఆ పంట్లాం కథ ఉంది చూశావూ, అది అల్లింది ఎవరనుకున్నావు? నేనే. ఇదుగో, ఈ నోరే.

అప్పుడు నాకు నలభై నాలుగు. గనిలో పని పోయింది. ఆ మేడని మ్యూజియం చేస్తున్నారు, జనానికి తిప్పి చూపించడానికి ఓ మనిషి కావాలన్నారు. మా అమ్మ "నీకు జీతమిచ్చి మాట్లాడమంటున్నార్రా డెల్, ఇంతకంటే అదృష్టం ఏం కావాలి" అంది. వెళ్ళాను. ఎడ్నా రూమ్స్ అని ఇంకా గాజు మీద రాసే ఉంది కదూ? గని కూలీలు జీతాల రోజున ఆడవాళ్ళ కోసం ఎక్కే మేడ. షెరీఫుకి తెలుసు, పాస్టరుకి తెలుసు, డెబ్బైమూడు దాకా నడిచింది. ఎక్కడం మాత్రం వెనక సందులోంచే. ముందు మెట్లు ఎక్కితే ఊరు చూస్తుంది గదా. సరే, మిగతా గదుల్లో చెప్పుకోడానికి బోలెడుంది. స్నానాల తొట్టెలూ, గదికో గుడ్లు ఉడకబెట్టుకునే టైమరూ, అది మోగితే మగాడు లేచి పోవాలి, జనం అక్కడే పడీపడీ నవ్వేవాళ్ళు. చివరి గదిలో మాత్రం ఏమీ లేదు. ఓ ఇనప మంచం, ఓ పొయ్యి, గోడకి ఓ పిల్ల ఫొటో. కిటికీలో కూచుని నవ్వుతోంది, వెనక 'లొరీన్, 1949' అని రాసుంది, అంతే. అక్కడికొచ్చేసరికి జనం ఆవలింతలు. అందుకని అల్లాను. షెరీఫు వస్తున్నాడని మేయరు బీరువాలో దూరాడనీ, లొరీన్ ఆయన పంట్లాం కిటికీలోంచి విసిరేసిందనీ, అది వెళ్ళి వెళ్ళి పాస్టరు గారి నెత్తిన పడిందనీ. లొరీన్ గొంతు సన్నగా చేసి "ఏమండోయ్ మేయరు గారూ, మీకంటే ముందు మీ పంట్లాం ఇంటికెళ్తోందండోయ్!" అని నిజంగానే ఓ పంట్లాం విసిరేవాణ్ణి. చర్చి పాతబట్టల అమ్మకంలో తెచ్చిందిలే. టోపీ తీసి వంగేవాణ్ణి. చప్పట్లే చప్పట్లు. రోజుకి అయిదుసార్లు.

సరిగ్గా ఎదురుగా హల్దా గారి పాస్టీల కొట్టు. ఇప్పుడు అక్కడ టీషర్టులు అమ్ముతున్నారే, అదే. మాంసం, బంగాళాదుంపా పెట్టి మడిచిన పాస్టీ, గనిలోకి దిగేవాడి జేబులో అది లేకపోతే వాడసలు మనిషే కాదు మా ఊళ్ళో. గనిలో లిఫ్టు నడిపే ఓస్ట్రెమ్ భార్య ఆవిడ. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ముందే పోయాడు. ఎనిమిదేళ్ళప్పుడు నాకు ఆదివారం బడిలో బైబిలు చెప్పింది ఆవిడే. వెనక బెంచీలో గుసగుసలాడితే చాలు, "డెల్, అది కింద పెట్టు" అనేది. చేతిలో ఏదుందో కూడా చూసేది కాదు, ఏదో ఒకటి ఉండేదిలే. ఊళ్ళో ఆవిడంత పరువైన మనిషి లేదు. కొట్టుకి సెలవన్నది ఎరగదు.

తొంభై మూడు, జులై. ఎండ మాడ్చేస్తోంది, కిటికీలన్నీ బార్లా తెరిచాం. పదకొండింటి బ్యాచిలో చివరి గదికొచ్చి పంట్లాం చేతిలోకి తీసుకున్నానో లేదో, వెనకనుంచి "డెల్, అది కింద పెట్టు" అని వినపడింది. పైప్రాణాలు పైనే పోయాయనుకో. చూద్దును గదా, హల్దా గారు! ఏప్రను కట్టుకునే ఉంది, మోచేతుల దాకా పిండి. ముందు మెట్లెక్కి వచ్చింది. ఇలా జనాన్ని తప్పించుకుని మంచం దగ్గరికొచ్చి, "ఇది లొరీన్ గది కాదు, నాది" అంది. ఏవిటీ? నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదమ్మాయ్. "లొరీన్‌ది పక్క గది. దానికి పొయ్యి లేదు. అందుకని చివరి మూడు రోజులూ ఇక్కడ నా మంచం మీద పడుకోబెట్టాను. జనవరి. కడుపులో నొప్పి, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు గారికి కబురు పెట్టాం. పగలు ఆ మెట్లు ఎక్కితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు, చీకటి పడ్డాక వస్తాను అన్నాడు. ఇదిగో ఈ కిటికీలోంచి చూస్తూ కూచున్నాను, ఎప్పుడు చీకటి పడుతుందా అని. నాలుగింటికి ఇరవై నిమిషాలుండగా పోయింది. అయిదుంబావుకి డాక్టరు వచ్చాడు. మాట తప్పలేదు." అలా అంది, బైబిలు చెప్పిన గొంతుతోనే. "ఇరవై రెండేళ్ళు దానికి. నెబ్రాస్కాలో చక్కెరదుంపల చేను వాళ్ళది. టెలిఫోను ఆఫీసులో పనని వాళ్ళమ్మకి రాసేది, ఆ ఉత్తరాలు నాచేత దిద్దించుకునేది. రోజుకి అయిదుసార్లు దాని గొంతు నీ నోట్లో వింటున్నాను, మూడు వేసవులుగా. ఇహ నావల్ల కావట్లేదు. చెప్తే సరిగ్గా చెప్పు, లేకపోతే దాని పేరెత్తకు." ఇంకా ఘోరం విను. జనంలో ఒకావిడ చప్పట్లు కొట్టింది! ఇది కూడా ఆటలో భాగమనుకుంది. "ఎంత బాగా చేసిందో పాపం" అంటోంది పక్కావిడతో. హల్దా గారు ఆవిడకేసి ఒక్కసారి చూసి, మళ్ళీ ముందు మెట్లమీంచే దిగిపోయింది.

మధ్యాహ్నం తిండికి ఇంటికెళ్ళాను. మా నాన్న రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. "నాన్నా, హల్దా గారు, ఆ మేడలో..." అని ఆగిపోయాను. ఆయన కత్తి ఆపలేదు. "చెప్పేసిందా చివరికి" అన్నాడు. నీకు తెలుసా అన్నాను. "ఊళ్ళో నా ఈడు వాళ్ళందరికీ తెలుసు. ఆవిణ్ణి అక్కడ చూశానని ఎవడు చెప్తాడ్రా, నువ్వక్కడికెందుకు పోయావని ఇంట్లో అడగరూ?" పొయ్యి దగ్గర్నించి మా అమ్మ, "ఈయన వాళ్ళకి బొగ్గు వేసేవాడు. బొగ్గేలే. బస్తాలు నేను లెక్కపెట్టేదాన్ని" అంది. నీకూ తెలుసా? తెలిసే నన్ను ఆవిడ దగ్గరికి బైబిలుకి పంపించావా? "ఇంకెవరి దగ్గరికి పంపాలేం?" అంది. మా నాన్న అప్పుడు కత్తి కింద పెట్టాడు. "ఆ లొరీన్‌ని వెనక మెట్ల మీంచి దింపింది నేనూ, ఓస్ట్రెమూ, ఇంకో ఇద్దరూ. పాస్టరు రానన్నాడు. శ్మశానం కంచె అవతల పెట్టాం. ఏడవడానికి వచ్చింది హల్దా ఒక్కతే. నలభై ఏళ్ళు దాచుకున్న పరువు ఇవాళ ఆ పిల్ల కోసం నీ ముందు పెట్టింది వెధవా, ఇహనైనా సరిగ్గా చెప్పు." చెప్తాను అన్నాను. ఒట్టేసి మరీ అన్నాను. మూడేళ్ళు, అమ్మాయ్! మూడేళ్ళు మా నాన్న నా ఎదురుగా కూచుని ఆ పంట్లాం ముచ్చట విని నోరు మెదపలేదు.

రెండింటికి స్పొకేన్ నుంచి బస్సు దిగింది. నలభై మంది. మిగతా గదులన్నీ గబగబా తిప్పేశాను. చివరి గదిలో పంట్లాం మంచం కిందికి తన్నేశాను. "ఈ అమ్మాయి పేరు లొరీన్, నెబ్రాస్కా నుంచి వచ్చింది" అని మొదలెట్టాను. అంతలో ఎర్ర టోపీ ముసలాయనొకడు, "పంట్లామేదయ్యా! పోయినేడు వచ్చాను, మా ఆవిణ్ణి ఇవాళ దానికోసమే తీసుకొచ్చాను!" అని అరిచాడు. అందరూ గొల్లుమన్నారు. మంచం కిందున్నది ఎవరో చూసి లాగి నా చేతికిచ్చారు. నలభై మొహాలు, అన్నీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకు తెలీదు అమ్మాయ్, ఇప్పటికీ తెలీదు. గొంతు సన్నగా అయిపోయింది. అన్నాను. "ఏమండోయ్ మేయరు గారూ" అని మొత్తం అన్నాను. విసిరేశాను. పైకప్పు ఎగిరిపోయేంత నవ్వారు. కిందికి చూద్దును గదా, హల్దా గారు వీధి మధ్యలో నిలబడి ఉంది. వినడానికే వచ్చింది. ఎలా చెప్తానో విందామని కొట్టు వదిలేసి వచ్చింది. వంగి ఆ పంట్లాం తీసింది. దుమ్ము దులిపింది. శుభ్రంగా మడతపెట్టి మా మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పైకి చూడలేదు. నేనేం చేశానో తెలుసా? టోపీ తీసి జనానికి వంగాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. నోరు తెరిచేలోపు ఆవిడ పాస్టీ కాగితంలో చుట్టి, ఎప్పుడూ అడిగినట్టే, "గ్రేవీ కావాలా?" అంది. కావాలన్నాను. పోసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. ఎనిమిదేళ్ళూ రోజూ వెళ్ళాను. గ్రేవీ కావాలా. కావాలి. అంతే. ఇంకో మాట లేదు.

...

కారు ఎండలో పెట్టావేం? అటు పక్క నీడుందిగా.