తనంతట వెలిగిన పొయ్యి

ఏమన్నావూ? మనిషి బతుక్కి ఒక ఉద్దేశం ఉండాలా? ఎవరు చెప్పారు, మీ చర్చి కుర్రకారు కూటంలోనా? మంచిదే తల్లీ, ఉండాలి, నేనెందుకు కాదంటాను. కానీ ఆ మాట మీ అమ్మ ముందు అనకు. వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎందుకంటావా? ఆ కుర్చీ ఇలా లాక్కుని కూర్చో. నిన్న ఏం తిన్నానో అడిగితే తడుముకుంటాను గానీ ఈ పాత సంగతులు మాత్రం ఇంకా గుర్తున్నాయి. ఇవీ జారిపోకముందే నీ చెవిన వేసేస్తే నాకు నిశ్చింత. మీ తాతయ్య, అంటే మా అక్క మొగుడు, నాకు బావ, నువ్వు పుట్టకముందే పోయాడు. ఫొటోలో చూశావుగా, ఆ కోటు, ఆ దువ్విన మీసం, ఆ చూపు. కొత్తవాళ్ళు పాస్టరుగారనుకుంటారు. కాదు, బ్రెడ్డు కాల్చేవాడు. బ్రెడ్డంటే ఇప్పటి మిషను బ్రెడ్డు కాదు. కింద కొట్టు, కొట్టు వెనక మనిషి పాకేంత ఇటుకల పొయ్యి, మేడమీద రెండు గదులు, మధ్యలో కిర్రుమనే చెక్కమెట్లు. ఆ పొయ్యికో పద్ధతుండేది. చీకటితో లేచి దాని కడుపులో కట్టెలు మండించాలి, ఇటుకలు ఎర్రబడ్డాక నిప్పులన్నీ బయటికి లాగేసి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు పిండి ముద్దలు లోపలికి తొయ్యాలి. ఒక్కరోజు మానేశామా, ఇటుకలు చల్లబడిపోతాయి, మర్నాడు ఎన్ని కట్టెలేసినా ఆ వేడంతా అవే మింగేసి బ్రెడ్డు లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకని ఆ ఇంట్లో జ్వరమొచ్చినా పెళ్ళైనా పొయ్యి మాత్రం వెలగాల్సిందే. ఎదురుగా ఆస్పత్రి, రోగులందరికీ ఆ బ్రెడ్డే.

బావ మంచి పనివాడు, అబద్ధమెందుకు చెప్పాలి. ఈల వేసుకుంటూ పిండి పిసికేవాడు. అలాంటి మనిషిని ఎక్కణ్ణించో వచ్చిన ఒక ప్రసంగీకుడు పాడుచేశాడు. పాపం ఆయన చెప్పింది మంచి మాటే, ప్రతి మనిషినీ దేవుడు ఒక ఉద్దేశంతో పుట్టించాడు, అది తెలుసుకుని బతకండి అని. అందరూ విని, తలూపి, ఇంటికెళ్ళి అన్నం తిన్నారు. బావ తినలేదు. "నేను బ్రెడ్డు కాల్చడానికే పుట్టానంటావా?" అని అక్కనడిగాడు. అది చిన్నతనంగా తోచింది ఆయనకి. ఇంకేదో పెద్దది ఉండుంటుంది, దేవుడు చెప్పడం ఆలస్యమవుతోంది, అంతే. ఇక మొదలు. బన్ను కొనడానికొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, "మీ జీవితోద్దేశం ఏమిటండీ?" అనడం. పక్క సెలూన్ అతను గడుసువాడు, "అన్నా, ఉద్దేశమైతే బోలెడుంది, గిరాకీనే లేదు" అన్నాడు. ఆస్పత్రికెళ్ళి రోగుల మంచాల దగ్గర నిలబడి ప్రార్థన చేసేవాడు. మొదట్లో వాళ్ళూ సంతోషించారు. కానీ ఆ ప్రార్థనలు తెమిలేవి కావు, ఆయన బూట్ల చప్పుడు వినపడగానే వార్డంతా గుర్రు పెట్టేది. ఇంట్లో మాత్రం వదిలాడా? అక్కని కూర్చోబెట్టి పాఠం: ప్రతి వస్తువుకీ ఉద్దేశముంది, ఈ కుర్చీ ఉద్దేశమేమిటి? కూర్చోడం అంది అక్క. మరి ఈ చీపురుది? ఊడవడం. "మరి నాది?" "లేవడం" అంది. అక్క నోరలాంటిది.

లేవలేదు. మేడమీద వెనక గదిలో తలుపేసుకుని, నా ఉద్దేశం చెప్పేదాకా కిందికి దిగను ప్రభువా అని మోకరించాడు. ఆదివారం చర్చికి దిగేవాడు గానీ, పొద్దుటిపూట పనికి దిగడం మానేశాడు. మరి పొయ్యో? ఆస్పత్రిలో ఆకలేసినవాళ్ళు ఈయనకి ఉద్దేశం దొరికేదాకా ఆగుతారా? అక్క లేచింది. పెరట్లోంచి కట్టెలు మోసుకొచ్చింది, తొట్టిలో పిండి పిసికింది, ఆ పొడుగాటి చెక్క పారతో ముద్దలు లోపలికి తోసింది. మొదట్లో దూరం తెలియక మోచేతుల దాకా చారలు చారలుగా కాల్చుకుంది. దానికీ భక్తి లేకపోలేదు సుమా, కానీ దాని ప్రార్థన చిన్నది. "ప్రభువా, పిండి పొంగనియ్యి, నన్ను కుంగనియ్యకు." అంతే, చెయ్యి ఆగేది కాదు. ఈయనగారు ఎండెక్కాక స్నానం చేసి, తల దువ్వుకుని, మెట్లు దిగొచ్చి, అరలో వేడి బ్రెడ్డొకటి తీసి విరుచుకుని, కళ్ళు మూసుకుని స్తోత్రమని, తిని, మళ్ళీ పైకి. ఎవరు కాల్చారని ఒక్కనాడడిగితే ఒట్టు. నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం, "ఆయన పసివాడే, కడుపులో కల్మషం లేదు, ఈ లోకంలో లేడు, అంతే. దొరికినప్పుడు దిగొస్తాడు" అనేది. అదే దాన్ని నిలబెట్టింది. తెలియక చేస్తున్నాడు అనుకుంది గనకే మోసింది ఆ కట్టెలన్నీ. ఇది గుర్తుంచుకో, నేను మర్చిపోయినా నువ్వు గుర్తుంచుకో.

ఒక ఆదివారం చర్చిలో బావ, దేవుడు నాకు చేసిన మేలు సాక్ష్యం చెప్తానని లేచాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. నేను ప్రార్థనలో ఉండగా నా పొయ్యిని ప్రభువే వెలిగిస్తున్నాడు, నేను కట్టె ముట్టలేదు, పిండి ముట్టలేదు, దిగొచ్చేసరికి అరల నిండా బ్రెడ్డు, అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చర్చి చర్చంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళ బల్లల మీద అక్క రవికె పొడుగు చేతులు కిందికి లాక్కుంటూ కూర్చుంది. పాస్టరుగారు పెద్దాయన, అమాయకుడు, పొంగిపోయి, మంగళవారం తెల్లవారుజామున సంఘమంతా కలిసి వెళ్ళి ఆ అద్భుతం కళ్ళారా చూసి పాటలు పాడదామన్నారు. బావ కొంచెం తడబడ్డాడు గానీ, వద్దనలేదు.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. వంటింటి గుమ్మంలో కూలబడింది. "నేను లేచి చెప్పానా, మొగుడు నలుగురిలో నవ్వులపాలవుతాడు. చెప్పకపోయానా, దేవుడి పేరు మీద అబద్ధం అలాగే నిలబడిపోతుంది. ఏం చెయ్యనే" అంది. చెప్పెయ్యవే అన్నాను నేను. నాకేం, మొగుడు నావాడు కాదుగా. అది తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. సోమవారం మాత్రం రెండింతలు కాల్చి, మర్నాటికి కూడా సరిపడా ఆస్పత్రికి పంపించేసింది. అప్పుడర్థమైంది నాకు.

మంగళవారం అందరూ వచ్చారు. ఆ చలిలో దుప్పట్లు కప్పుకుని, పాటల పుస్తకాలు పట్టుకుని, కొట్టు వెనక కిక్కిరిసి నిలబడ్డారు. నేనూ వెళ్ళాను, మానతానా? ఒక పాటైంది, రెండో పాటైంది. బావ పొయ్యి ముందు మోకరించి చేతులెత్తాడు. పొయ్యిలో పొగ లేదు. ఇంకో పాట. ఇంకా గట్టిగా పాడండి అన్నారు పాస్టరుగారు. గట్టిగా పాడారు. చివరికి ఆయనే ముందుకెళ్ళి, ఓరగా ఉన్న ఇనప తలుపు లాగి లోపలికి తొంగిచూశారు. ఇటుకల మీద వెచ్చగా పడుకున్న పిల్లి ఒళ్ళు విరుచుకుని, ఆయన భుజం మీంచి దూకి పోయింది. పాట ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. నేనేనేమో, గుర్తులేదు. బావ లేచి, ఒక్క నిమిషమని మెట్లెక్కాడు. పైన జరిగింది తర్వాత అక్క నాకు చెప్పింది. అది దుప్పటి కప్పుకుని కళ్ళు తెరుచుకునే పడుకుందిట. ఈయన మంచం పక్కకొచ్చి, కింద వినపడకుండా వంగి అడిగాట్ట, "ఏమే, ఇవాళ లేవలేదేం?"

విన్నావా? లేవలేదేం అన్నాడు. అంటే రోజూ లేస్తోందని తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఆ మెట్ల కింద కట్టెల చప్పుడు, ఆ పిండి చప్పుడు, మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ విన్నాడు మహానుభావుడు. ఇన్నాళ్ళూ పసివాడు పసివాడని మోసిందే, ఆ ఒక్క ముక్కతో పసివాడు పోయాడు. అక్క లేచి కూర్చుంది. అరవలేదు. "నా మీద అబద్ధమాడితే ఊరుకునేదాన్ని. ఆ ప్రభువు మీద ఆడావు. చర్చిలో ఆడావు, చర్చిలోనే దిద్దుకో. దిద్దుకునేదాకా నేను అగ్గిపుల్ల ముట్టను" అంది. మళ్ళీ పడుకుంది.

ఆ వారమంతా పొయ్యి చల్లగా ఉంది. బావ ఒకసారి వెలిగించబోయాడు గానీ, చెప్పానుగా, ఇటుకలు వేడి మింగేశాయి, బ్రెడ్డు ముద్దముద్దగా వచ్చింది. ఆస్పత్రివాళ్ళు వేరే కొట్టు చూసుకుంటామని కబురు చేశారు. ఆదివారం చర్చిలో లేచాడు. కోటు గుండీలు పెట్టుకోలేదు ఈసారి. పొయ్యి వెలిగించింది నా భార్య, నాకు తెలుసు, తెలిసే అబద్ధం చెప్పాను, అని కూర్చున్నాడు. అక్కడితో మొహం చెల్లక చస్తాడనుకున్నాను. ఏదీ? పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, ఎంతగా తగ్గించుకున్నాడు, ఎంత విరిగిన మనసు, ఇదీ అసలు సాక్ష్యం అన్నారు. మళ్ళీ చర్చంతా ఆమెన్. మగవాళ్ళు వరసకట్టి చేతులు కలిపారు. కట్టెలు మోసినదాన్ని ఒక్కరూ పలకరించలేదు. బయటికొస్తుంటే ఒక పెద్దావిడ మాత్రం అక్క కాలిన చెయ్యే పట్టుకుని ఊపుతూ, "ఇంత దీనుడైన భర్త ఎక్కడ దొరుకుతాడమ్మా!" అంది.

"దొరకడండీ" అంది అక్క. "పొయ్యి దగ్గర అసలే దొరకడు."

ఆఁ? మర్నాడు పొద్దున్న ఎవరు లేచారంటావా? ఒకరు లేచారు, ఒకర్ని లేపారు. తర్వాత ఆయన పోయేదాకా అంతే. చేతులు మాత్రం ఇద్దరివీ కాలాయి... ఊఁ. ఆ గ్లాసు ఇలా ఇయ్యి, మాత్ర వేసుకున్నానో లేదో.