తుడవకుండా తెరవాలి

ఈజిప్టులోని అస్వాన్ బజారులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి కొట్టు. లాప్‌టాప్‌ ఎంతకీ తెరుచుకోవడం లేదని తెచ్చిన, అందరూ గౌరవంగా హజ్జా అని పిలిచే ముసలావిడ బల్ల ముందు నుంచి కదలలేదు.

"సిస్టం ఫైళ్లు పాడయ్యాయి హజ్జా. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తా. గంటలో పని."

"తుడవనివ్వను. అందులో మన నూబియా భాష మాటలు నాలుగు వేలున్నాయి, పలికినవాళ్ల గొంతులతో సహా. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ల ముసలాళ్ల దగ్గర పదకొండేళ్లు తిరిగి ఏరుకున్నా. సగం మంది ఇప్పుడు లేరు."

"ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా?"

"పెట్టుకుంటే నీ మొహం చూడ్డానికి వచ్చేదాన్నా?"

"సరే, పెన్‌డ్రైవ్‌తో నడిపి ఫైళ్లు బాగుచేసి చూస్తా."

రెండు గ్లాసుల మందారపు టీ అయిపోయింది.

"ఊహూఁ, రెండుసార్లు చూశా, రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది."

"ఇంకో దారి చూడు."

"డిస్కు ఊడదీసి నా మెషీన్‌కి తగిలిస్తా. అప్పుడూ రాకపోతే నన్ను తిట్టకూడదు."

"తిడతా. మన భాషలోనే తిడతా."

"నాకు అర్థమైతేగా! మా అమ్మ నేర్పలేదు. ఆగండాగండి... కనిపిస్తున్నాయి హజ్జా! అన్నీ ఉన్నాయి. ముందు కాపీ తీస్తున్నా. ఈ మొదటి మాటేంటి?"

"అమన్. అంటే నీళ్లు. నువ్వను."

"అమన్."

"ఊఁ, రెండోది చదువు. కాపీ అయ్యేదాకా నీకు వేరే పనేముంది?"