ముప్పైమూడులో తిరిగిన పాట

చిన్న రేడియో స్టేషన్లో, గోడలనిండా గుడ్ల అట్టలు అతికించిన గదిలో, శనివారం మధ్యాహ్నం కార్యక్రమానికి ముందు ముగ్గురు కూర్చున్నారు: వారం వారం వినదగ్గ కొత్త రెగే పాటలు ఏరి వినిపించే రేడియో ఆయన, ఆయన అక్క, ఆవిడ భర్త. బావగారికి కూడు పెట్టేది ఫ్రిజ్‌ల మరమ్మతు, ప్రాణం మాత్రం పాట. ఆయన మొట్టమొదటి రికార్డు పోయిన శనివారమే రేడియోకెక్కింది. ఎక్కిన తీరు మీదే ఈ పంచాయితీ.

“నేనడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి.”

“అదే చెప్తున్నా బావా. ఈ వారం వచ్చినవాటిలో మొదట ఆ ముగ్గురు నర్సులది పెడుతున్నా. డ్యూటీ దిగి, చెప్పులైనా మార్చుకోకుండా వెళ్ళి పాడారట. ఆ అలసట గొంతులో తెలుస్తుంది, బాగుంటుంది. తర్వాత బాకా ఆయనది. అందులో మాటలుండవు, ఉత్త బాకా. ఆయన ఊపిరి పీల్చుకున్నది కూడా వినపడుతుంది. ఇక మూడోది...”

“నర్సులు చల్లగా ఉండనీ. నా పాట సంగతి చెప్పు.”

“మూడోది వింటే నువ్వు కుర్చీలోంచి లేవవు. రేకుల కప్పు మీద వాన పడుతుంటే ఆ చప్పుడు పట్టుకుని, దానికింద బేస్ గిటార్ వాయించాడు మహానుభావుడు. ఏం బేస్ అనుకున్నావు? మొన్న ఇంట్లో పెడితే పక్కింటావిడ గిన్నెలు అలమర దిగి, వాటంతటవే సింకులోకి నడిచెళ్ళాయి.”

“ఒరేయ్ రేడియో.”

“కడుక్కున్నాయని అనట్లేదు బావా. నడిచాయంటున్నా, అంతే.”

“నీ గిన్నెలు నీ దగ్గర పెట్టుకో. చిన్న రికార్డు ఏ వేగం మీద తిప్పాలి?”

“నలభైఐదు. నిమిషానికి నలభైఐదు చుట్లు.”

“నువ్వు దేనిమీద తిప్పావు?”

“అక్కా, ఫ్లాస్కులో టీ ఏమైనా మిగిలిందా?”

“మిగిలింది తమ్ముడూ. పొయ్యనా?”

“నువ్వు మూత తియ్యకు. వాణ్ణి ముందు చెప్పనీ. దేనిమీద తిప్పావురా?”

“ముప్పైమూడు మీద.”

“ముప్పైమూడు మీద. రికార్డు నడిమి బిళ్ళ మీద ఇంత లావు అక్షరాలతో అచ్చు వేయించాను కదరా.”

“కళ్ళజోడు నెత్తి మీద ఉండిపోయింది.”

“నెత్తికి చదువు రాదు మరి.”

“ఎన్నైనా అను, పడతాను. ఈమధ్య వచ్చేవన్నీ పెద్ద రికార్డులే బావా. పెద్దదానికి ముప్పైమూడు. చెయ్యి అలవాటు కొద్దీ అటు పోయింది. మీట అటు నొక్కేశా.”

“చెయ్యి పోతే పోయింది, చెవులు ఎక్కడికి పోయాయి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నువ్వు వినేది ఇదేగా. పాట ఈడుస్తోందని తెలియలేదా?”

“రెగే అంటేనే నిదానం కదా. మొదటి దెబ్బ వదిలేసి, తాపీగా మూడో దెబ్బ మీద కూర్చునే సంగీతం. ఇంకొంచెం తాపీగా ఉంటే, బావ ఏదో కొత్త దారి తొక్కాడనుకున్నా.”

“దారి తొక్కలేదు, నన్ను తొక్కావు. నేను రాసింది ఏం పాట?”

“స్కూటర్ పాట.”

“స్కూటర్ మీద వెనకాల దీన్ని కూర్చోపెట్టుకుని, గాలికి దీని చీర కొంగు నా మొహాన పడుతుంటే, షికారు పోయే పాట. నీ దయవల్ల ఏమైంది? స్కూటర్ ఆగిపోయి, దాన్ని తోసుకుంటూ ఇద్దరం శ్మశానానికి బయల్దేరినట్టైంది.”

“అది కూడా షికారే కదా బావా, ఒకసారి పోతే మళ్ళీ రాకపోయినా.”

“నవ్వకు. నువ్వు కూడా నవ్వకే.”

“నేను నవ్వట్లేదండీ.”

“పైగా మైకులో ఏమన్నావు? ‘బావి అడుగునించి వస్తున్న గొంతు. జీవితంలో పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషి. ఈ ఏడాది వచ్చిన కొత్త రెగేలో ఇంతకంటే వినదగ్గది నాకు దొరకలేదు.’ అన్నావా లేదా?”

“అన్నాను. నమ్మే అన్నాను.”

“నేను గడ్డం గీసుకుంటున్నానురా అప్పుడు. అద్దం ముందు, మొహం నిండా నురగ. రేడియోలో ఆ గొంతు మొదలైంది. నాది అనుకోలేదు. ఎవడో పాడుతున్నాడనుకున్నా. బ్లేడు చేతిలోనే ఉండిపోయింది. వీడెవడో గానీ అసలైనవాడు, నేనెన్నాళ్ళు గొంతు చించుకున్నా వీడి కాలిగోటికి సరిపోనని... నిజం చెప్తున్నా, కళ్ళు మండాయి. తర్వాత నువ్వు నా పేరు చెప్పావు.”

“బావా.”

“నా మీద నేనే కుళ్ళుకున్నానురా. అలాంటి దరిద్రం ఎవడికైనా పట్టిందా?”

“ఏమండీ, టీ తాగండి ముందు. చల్లారిపోతోంది.”

“నువ్వొకదానివి. వారం నుంచీ ఇంట్లో ఏం చేస్తున్నావు? గిన్నెలు కడుగుతూ కూనిరాగం, బట్టలు ఆరేస్తూ కూనిరాగం. అదైనా నా పాటా? కాదు. ఆ ముప్పైమూడు వాడిది.”

“అది కూడా మీదే కదండీ.”

“నాది కాదు. అది వేగం తగ్గి లావెక్కిన గొంతు. నా గొంతు సన్నం. సన్నమే, ఏం, తప్పా? ఆ కోల్డ్ స్టోరేజీ గోడౌన్లో, బంగాళదుంప బస్తాల మధ్య స్వెట్టర్లు వేసుకుని ఇన్నేళ్ళు సాధన చేశాం. డ్రైవరు డ్రమ్ము మీద, టైలరు బేస్ మీద. ఆ సన్నగొంతుతోనే పాడాను. ‘మీ గొంతు వింటే చాలు, నాకింకేమీ వద్దు’ అన్నది ఎవరు?”

“నేనే అన్నాను.”

“అన్నావా లేదా?”

“అన్నానండీ. కాదనట్లేదుగా.”

“పోనీలే బావా, అయిందేదో అయింది. జనానికి నచ్చింది. ఫోన్లు మోగి మోగి ఆ రిసీవర్ వేడెక్కిపోయింది. ఒకాయన దాని మీద ఆమ్లెట్ వేసుకోవచ్చన్నాడు.”

“నచ్చింది ఎవడు? రేపు ఆదివారం హాల్లో కచేరీ, అక్కడ పాడాల్సింది ఎవడు?”

“అదీ...”

“హాలువాడు పొద్దున ఫోన్ చేశాడు. కుర్చీలన్నీ నిండిపోయాయట, గోడవారన నిలబడటానికి కూడా ఒప్పుకున్నారట. ‘ఆ బావిగొంతు పాట చివర్లో పెట్టండి సార్, అందరూ దానికోసమే వస్తున్నారు’ అన్నాడు. నేను నోరు తెరవగానే ఏం జరుగుతుంది?”

“ఆదివారానికల్లా జలుబు తెప్పించుకో. రెండు ఐస్ ముక్కలు నమిలితే గొంతు బావిలోకి దిగుతుంది. నీ దగ్గర ఫ్రిజ్‌లకేం తక్కువ?”

“నమిలాను.”

“ఆఁ?”

“నమిలానురా. అడుగు దీన్ని. ఐసు నమిలాను, తలగడలో మొహం పెట్టి అరిచి గొంతు బొంగురు చేసుకున్నాను, గోడౌన్లో ఒక్కణ్ణే నిలబడి కిందికి కిందికి పాడాను. దిగదు. పీకలో పీచు అడ్డం పడ్డట్టు ఒక చప్పుడు వస్తుంది, అంతే. టైలరు బేస్ కింద పెట్టేసి బయటికెళ్ళిపోయాడు. నవ్వు ఆపుకోవడానికి వెళ్ళాడో, ఏడుపు ఆపుకోవడానికో, నేను అడగలేదు.”

“ఏమండీ, ఆదివారం వద్దని హాలువాడికి చెప్పేద్దాం. ఒంట్లో బాగాలేదందాం.”

“వద్దనడానికా ఇన్నాళ్ళు పాడింది? ఒక్కసారి, ఒక్కసారి హాలు నిండిందే. నిండింది నాకోసం కాదు. అయినా ఒక దారుంది. ఇవాళ వీడు మైకు ముందు కూర్చుని, పొరపాటైంది, నా చెయ్యి తప్పింది అని చెప్పి, పాట సరైన వేగంలో మళ్ళీ వెయ్యాలి. జనం నా గొంతు నా గొంతుగా వినాలి. నచ్చితే రేపు వస్తారు, లేకపోతే మానేస్తారు.”

“ఇవాళే అంటే... ఇవాళ కష్టం బావా. నర్సులు, బాకా, వాన...”

“వానని వచ్చేవారం కురిపించుకో.”

“అది కాదు. స్టేషన్ నడిపే ఆవిడ నా ఈ గంట కార్యక్రమం ఎప్పుడు ఎత్తేద్దామా అని చూస్తోంది. వేగం తెలియనివాడికి రెగే ఎందుకు, వంటల కార్యక్రమం పెట్టుకుందాం అంటుంది.”

“నీ గంట పోతుందని నా పాట పూడ్చిపెడతావా?”

“అంత మాటన్నావా?”

“అన్నాను. ఇంకోటి కూడా అంటాను. నువ్వు భయపడేది గంట గురించి కాదు. నేనడిగినప్పుడల్లా దీని మొహం చూస్తున్నావు. అక్క చాటున ఎంతసేపు దాక్కుంటావు? మగాడివి, పొరపాటు చేశావు, చేశానని చెప్పు.”

“చేశానన్నాగా. నేనే నొక్కాను. మీట నేనే నొక్కాను. మైకులో కూడా చెప్తాను, సరేనా? అక్కా, నువ్వు మాట్లాడకు.”

“నేనేం మాట్లాడాను తమ్ముడూ?”

“ఏమీ మాట్లాడొద్దనే అంటున్నా.”

“అయితే తియ్యి రికార్డు. ఇప్పుడే, ఇక్కడే, ఈ పెద్ద బాక్సుల్లో పెట్టు. జనానికి వినిపించే ముందు నువ్వు విను. నువ్వింతవరకూ నా పాట వినలేదు కదా, విన్నది వాడి పాట.”

“వార్తలు అయిపోవస్తున్నాయి బావా, తర్వాత నా కార్యక్రమమే.”

“పాటకంటే పొడుగ్గా ఉన్నాయిలే నీ సాకులు. పెట్టు.”

“తమ్ముడూ, పెట్టకు.”

“ఎందుకు పెట్టకూడదే?”

“ఊరికే అన్నానండీ. ఇంటికెళ్ళాక విందాం.”

“పెట్టరా.”

“పెడుతున్నా. ఇదిగో, నలభైఐదు. నీ కళ్ళముందే నొక్కాను.”

“బేస్ పెంచు.”

“పెంచాను.”

“ఇదీ. ఇదీ స్కూటర్. చూశావా ఎలా పరిగెడుతోందో. గిటార్ చూడు, చురుక్ చురుక్ మని. ఇప్పుడు వస్తుంది గొంతు. విను.”

“వింటున్నా బావా.”

“పైకి వెళ్ళేచోట విను. అక్కడే టైలరు భలే అన్నాడు.”

“ఊఁ.”

“తల వంచుకుంటావేం? తలెత్తి విను.”

“వంచుకుంటేనే బాగా వినపడుతుంది నాకు.”

“అయిపోయింది. చెప్పు.”

“డ్రమ్ము అద్భుతం బావా. డ్రైవరుగారు బ్రేకు మీద కాలు పెట్టి వాయించినట్టు, ఎక్కడా జారలేదు.”

“డ్రమ్ము సంగతి అడిగానా?”

“బేస్ కూడా. టైలరు కుట్టు వేసినట్టే.”

“నేనడిగింది నా గొంతు.”

“బాగుంది.”

“బాగుందంటే?”

“బాగుందనే. బావుంది. ఏం చెప్పమంటావు ఇంకా.”

“గిన్నెలు నడిచాయా?”

“బావా...”

“మైకులో నర్సుల గురించి అంతసేపు చెప్తావు. ఊపిరి పీల్చుకునే బాకా గురించి చెప్తావు. నా గురించి బాగుంది, బావుంది. ఇద్దరూ ఒకేలా నేల చూస్తున్నారేంటి? సరే, ఒక్కటి అడుగుతాను. నా మీద ఒట్టేసి చెప్పు. ఆ రోజు నీ చెయ్యి తప్పకుండా, ముందే ఇలా, సరైన వేగంలో విని ఉంటే, ఈ పాటని వినదగ్గ కొత్త పాటల్లో పెట్టేవాడివా?”

“ముందే వినలేదు కదా బావా. వినకుండా ఎలా చెప్పను?”

“అవును, వినలేదు. అదొక్కటే నాకు మిగిలిన ధైర్యం. చెయ్యి తప్పింది కాబట్టి పోయింది గానీ, సరిగ్గా విన్న మనిషి ఇంతవరకూ ఎవడూ దాన్ని కాదనలేదు. మైకు పెట్టు. పద.”

“విన్నాడండీ.”

“అక్కా, వద్దు.”

“ఏం విన్నాడు?”

“అక్కా, నేను చెప్తానన్నాగా, మైకులో చెప్తానన్నాగా, నువ్వు...”

“విన్నాడండీ. రికార్డు తెచ్చిచ్చిన రోజే, ఇక్కడే ఇద్దరం కూర్చుని, సరైన వేగంలోనే మొదలుపెట్టాం. సగం దాకా కూడా వినలేక ఆ మీట ముప్పైమూడు మీదికి నొక్కింది వాడు కాదు, నేను.”