చెల్లని కెమిస్ట్రీ

భార్య చదువు మొదలుపెట్టిననాడు అతని చేతిలో ఉన్నవి చిన్న కిరాణా కొట్టు, ఒక చంటి కూతురు, ఫార్మసీ చదివి తీరతానన్న ఆమె పట్టుదల. ఆ కోర్సులో చేరడానికి ముందు పాసవ్వాల్సిన సబ్జెక్టులన్నీ ఒక్కొక్కటిగా ముగించిన ఆమె, ఈరోజు కాలేజీకి వెళ్లొచ్చి బియ్యం బస్తా మీద కూలబడింది.

"సీటిచ్చారా?"

"కెమిస్ట్రీ చెల్లదన్నారండీ. పాసై ఐదేళ్లు దాటిందట."

"మార్కులేమన్నా పప్పుదినుసులా, పుచ్చిపోవడానికి?"

"చిన్నాడు పుట్టినప్పుడు ఆపకుండా ఉండాల్సింది."

"ఫీజు కట్టలేకేగా ఆపాం. పోనీ, మళ్లీ రాయి."

"అది ముగిసేసరికి బయాలజీకి గడువు తీరుతుంది. ఒక్కొక్క సబ్జెక్టుకే ఫీజు కట్టుకునేవాళ్లకి ఇది తెగదండీ."



"అయితే ఇన్నేళ్లకీ మనకి మిగిలిందేంటి?"

"ఇందాక బడి నుంచి తీసుకొస్తుంటే పెద్దది అడిగింది, తను కూడా నాలాగే చదవాలా అని."

"ఏం చెప్పావు?"

"అక్కర్లేదన్నాను."