మిషను మీద చేపని పట్టిన నూకరాజు

నూకరాజని ఒక టైలరంట. తాండవ ఏటి ఒడ్డున బొడ్డవలసలో ఆడిదొక్కటే మిషను, ఇంకోటి లేదు. జాకెట్టు కొలత చూపుతోటే తీసేసేవోడనుకో, టేపు పెట్టేది మన నమ్మకం కోసం. అలాంటోడికి చేపల పిచ్చి పట్టింది. ఏమైందంటే, ఓ ఆదివారం ఏటికి స్నానానికెళ్తే అక్కడ పెంటయ్య తాత, గాలాలేసుకుని బతికే ముసలాయన, చూపుడువేలంత కర్ర పట్టుకుని టకటకా పరిగె చేపలు లాగేస్తన్నాడంట. ఈడు చూసేడు, చూసేడు, తడిగుడ్డతోటే పొద్దెక్కేదాకా చూసేడు. "తాతా, ఇది విద్య కాదు, కొలత" అన్నాడంట. "సూదికి తగ్గ దారం, దారానికి తగ్గ గుడ్డ. అలాగే కర్రకి తగ్గ తాడు, తాడుకి తగ్గ చక్రం. అంతేనా?" ముసలాయన అంతే అన్నాడు. "కాపోతే ముందు చేపని కొలిసి మొదలెట్టు" అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట ఈడు వినలేదు. విని ఉంటే నాకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

ఈడు చక్రంతో మొదలెట్టేడు. కాకినాడ రేవులో ఆడి పెదనాన్న కొడుకున్నాడు, సముద్రంలో సొరచేపలకి తాడు చుట్టే ఇనప చక్రం ఒకటి బోటోళ్లు పారేస్తే తెచ్చిచ్చేడంట, పుచ్చకాయంత. మరి పుచ్చకాయంత చక్రానికి సన్న తాడేస్తే ఏం బాగుంటది, నులకతాడు తెచ్చేడు. నులకతాడుకి పుల్లలాంటి కర్ర ఆగదు, పక్కింటోళ్ల నిచ్చెనలోంచి ఓ గెడ ఊడదీసేడు. అంత గెడకి, అంత తాడుకి, చివర్న బరువుండాలి కదా, సీసం గుండు చాలదు. అటూ ఇటూ చూసేడు. కళ్ల ముందర ఇస్త్రీపెట్టి కనిపించింది. నవ్వకే లచ్చిమీ, నిజమే చెప్తన్నాను. బొగ్గులున్నాయో లేవో కూడా చూడలేదంట, కట్టేసి, గిరగిరా తిప్పి ఏట్లోకి విసిరేడు. ఏరు సుయ్యిమంది. తాడు తెగింది. ఇస్త్రీపెట్టి పోయింది. చేపలన్నీ కింద ఊరికి వలసెళ్లిపోయేయంట, పెంటయ్య తాతకి నాలుగు రోజులు గాలం బెండు కదల్లేదు.

ఆ ఇస్త్రీపెట్టెవరిదనుకున్నారు? ఆడి పెళ్లాం అప్పలకొండది. ఆడు కుడితే ఆవిడ ఇస్త్రీ చేసిచ్చేది, చేతికి బొబ్బలెక్కినా మానేది కాదు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును. రెండు చీరలు మూటగట్టి, ఏటి అవతలొడ్డున పుట్టిల్లుంది, అక్కడికి బయల్దేరింది. ఈడు వెనకాల నీళ్లలోకి దిగి బతిమాలుకుంటే ఆగి చెప్పిందంట, "నీ కర్రతోటి, నీ తాడుతోటి, నీ చక్రంతోటి ఒక్క చేప పట్టు మావా. జానెడు చాలు. నువ్వు పట్టిన రోజున నేనొస్తాను. సంతలో కొని తెచ్చేవంటే మొప్ప చూసి చెప్పేస్తాను." అని వెళ్లిపోయింది.

ఇక ఈడి బతుకు చూడాలి. వండుకోవడం రాదు, అటుకులు నానబెట్టుకుని తినేవోడంట. కుట్టే చెయ్యి కూడా తప్పింది. ఒకావిడ జాకెట్టుకి మూడు చేతులు కుట్టేడు. మూడో చెయ్యి ఎవరికిరా అని ఆవిడడిగితే, "ఉండనీ పిన్నీ, ఎప్పుడేం పనిపడుద్దో" అన్నాడంట. అలాగ నెల్లాళ్లు గడిచేక పెంటయ్య తాత దగ్గరికెళ్లి కూచున్నాడు. తాత అడిగేడు, "ఏం చేప కావాల్రా నీకు?" జానెడు చేప అన్నాడు. "అయితే జానెడు చేపకి సరిపడా చూసుకో. అది లాగితే వంగే కర్ర. అది చూళ్లేని తాడు. చక్రం అంటావా, నాకు వేళ్లే చక్రం, నీ ఇష్టం. ఒకటే గుర్తెట్టుకో, అది లాగినప్పుడు వదులు, అది అలిసినప్పుడు చుట్టు." ఈసారి నూకరాజు మొత్తం విన్నాడు. వెదురు కొస తెచ్చేడు, వేలంత సన్నం. వెంట్రుకలాంటి తంగూసు దారం తెచ్చేడు. ఇక చిన్న చక్రం. ఆడికి తెలిసిన చిన్న చక్రం లోకంలో ఒకటే, మిషనులో దారం చుట్టే బాబిను. బాబిను తిరగాలంటే మిషను తొక్కాలి. అందుకని మిషన్నే నెత్తిమీదెట్టుకుని ఏటికి తీసుకెళ్లిపోయేడు.

పదకొండు రోజులు కూచున్నాడంట ఒడ్డున, మిషను ముందర. కర్ర మిషనుకి కట్టి, తంగూసు బాబినుకి చుట్టి, గాలానికి ఎర గుచ్చి నీళ్లలో వదిలి, బట్టలు కుట్టుకుంటా ఉండేవోడు. జనం కొలతలివ్వడానికి కూడా అక్కడికే. పన్నెండో రోజు పొద్దున సర్పంచిగారి లాల్చీ కుడతన్నాడు, పెద్ద గుడ్డ, ఆయనది పెద్ద పొట్ట. బెండు మునిగింది. తంగూసు లాగుతుంటే బాబిను తిరిగింది, బాబినుతో పెద్ద చక్రం తిరిగింది, చక్రంతో తొక్కుడుపలక, పలకతో ఈడి కాళ్లూ, అన్నీ ఈడు ఆడించకుండానే ఆడిపోతన్నాయంట. బాబిను తిరిగేటప్పుడు సూదిని ఆపే మర ఒకటుంటది, అది వదులు చెయ్యడం మర్చిపోయేడు, సూది కూడా ఆగట్లేదు. చేప లాల్చీ కుట్టేస్తంది అనుకో. అది ఇటెళ్తే చెయ్యి కుట్టేసింది, అటెళ్తే మెడ మూసేసింది. పెంటయ్య తాత పరిగెత్తుకొచ్చి, "వదులు" అంటాడు, ఈడు వదుల్తాడు. "చుట్టు" అంటాడు, ఈడు తొక్కుతాడు. మిషను మాత్రం ఇసకలో అంగుళం అంగుళం ఏటివైపు జరిగిపోతంది, ఈడు స్టూలుతో సహా దాని వెనకాలే.

అవతలొడ్డున అప్పలకొండ పళ్లు తోముకుంటా ఆ చప్పుడు విందంట. ఏడేళ్లు విన్న చప్పుడు కదా. "ఆ తొక్కుడు మా ఆయనది కాదు, ఆయనకేదో అయ్యింది" అని పుల్ల పారేసి ఏటి దగ్గరకొచ్చింది. చూస్తే మొగుడు నడుంలోతు నీళ్లలో మిషను తొక్కుతన్నాడు. అప్పటికి చేప అలిసిపోయి, అవతలొడ్డునే లోతు తక్కువ చోట పడుకుంది. జానెడు శీలావతి. తాడు మటుకు తెగలేదు, ఇక్కణ్ణుంచి అక్కడికి తీగలాగ మెరుస్తంది. అప్పలకొండ వంగి, కొంగులోకి చేపనెత్తేసింది.

"పట్టేను కొండా, పట్టేను" అన్నాడు నూకరాజు ఇవతల్నుంచి.

"ఏది, నీ చేతిలో ఉందా?" అందావిడ. "నా కొంగులో ఉంది. పట్టింది నేను."

తాతని అడిగేరు. తాడు ఆడిది, కొంగు ఆవిడది, నన్ను ఇరికించకండి అని ముసలాయన చుట్ట వెలిగించుకున్నాడంట. అప్పుడావిడ, "నువ్వు పడితే నేనక్కడికి రావాలని కదా మాట. పట్టింది నేను కాబట్టి నువ్వే ఇక్కడికి రా" అంది. నూకరాజు నీళ్లలోంచే అటూ ఇటూ చూసేడు. వెనక్కి చూస్తే ఇంట్లో అటుకుల డబ్బా ఉంది, ముందు చూస్తే పెళ్లాం ఉంది. "మరి మిషనో?" అన్నాడు. "దాన్ని నీళ్లలోనే ఉంచుతావా ఏంటి, అదీ తీసుకురా" అందంట. పెంటయ్య తాత దోనెలో ఎక్కించుకుని దాటించేడు. లాల్చీ అంటారా, ఎటుచూసినా కుట్టే, తల దూరదు, సర్పంచిగారు దూది కూరించి దిండు చేసుకున్నారు.

అదీ ఆడు ఇల్లరికం వెళ్లిన సంగతి. అవతలొడ్డోళ్లు మా అల్లుడు చేపని పట్టేడంటారు, మనోళ్లేమో చేపే ఆణ్ణి పట్టి లాక్కుపోయిందంటారు. నన్నడిగితే, ఎవరు ఎవర్ని పట్టినా ఆ పూట ఆడికి వేడన్నం, పులుసు దొరికేయి. తోక ముక్క అత్తగారు తినేసిందంట, దానిమీద మళ్లీ ఏదో గొడవైందిలే, అది వాళ్లింటి విషయం, మనకెందుకు.