నేలను పొడిచి చూసే మిలట్రీ

మిలట్రీ అంటే మీ బళ్లో డ్రిల్లు మాస్టారు కాదురా, అసలు మిలట్రీ మన పక్కింట్లో ఉండేవాడు. తాపీమేస్త్రి తమ్ముడు. కూర్చో, చెబుతా. యుద్ధం అయిపోయాక పెట్టె పట్టుకుని దిగాడు. ఒంటి మీద ఒక్క గాటు లేదు. అక్కడే నాకు అనుమానం. యుద్ధానికెళ్లినవాడు అంత శుభ్రంగా ఎలా వచ్చాడు? మనుషుల్ని ఊరికే నమ్మే జబ్బు నాకు లేదు. 'ఈయన అద్దంలో చూసుకున్నా ఎవడ్రా వీడు అంటాడు' అనేది మీ నాయనమ్మ. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, నడక. ఆ మనిషి మట్టి మీద అడుగు పెట్టేవాడు కాదు. రాయి ఉంటే రాయి మీద, గట్టు ఉంటే గట్టు మీద. కలప అడితిలో కాపలాకి పెట్టుకుంటే అక్కడా దుంగల మీదే తిరిగేవాడు. 'వీడు నా సరుకు మీద కన్నేశాడయ్యా' అని షావుకారు పంపించేశాడు.

ఇక తెల్లారితే చాలు, సన్నటి ఇనప చువ్వ పట్టుకుని పెరట్లో బోర్లా పడుకునేవాడు. చువ్వని ఏటవాలుగా మట్టిలోకి మెల్లిగా దింపడం, తీయడం, జానెడు జరగడం. వాకిలి దాకా అంతే. అన్న కూతురు, చిన్నపిల్ల, అది లేచేలోపు ముగించి, 'ఇక ఆడుకో తల్లీ' అనేవాడు. ఏం వెతుకుతున్నావోయ్ అని గోడ మీంచి అడిగేశాను. 'ఏమీ లేదు బాబాయ్, లేదని చూసుకుంటున్నా' అన్నాడు. ఏదో దాచినవాడు అనే మాటేగా అది.

మేస్త్రినీ అదే పురుగు తొలిచింది. నాన్న ఏదో పాతిపెట్టాడు, వీడు సైన్యంలో చేరేముందే వీడికి చెప్పుంటాడు అని నా దగ్గర గొణిగేవాడు. అలాంటిదేం లేదని పెళ్లాం నెత్తీనోరూ కొట్టుకుంది. మిలట్రీ ఆవిడకి చెప్పుకున్నాడట, సైన్యంలో తన పని నేలలో పాతిన మందుపాతరలు వెతికి తీయడమని, ఓసారి తను ఏమీ లేదన్న చోటే తోటివాడు కాలు వేశాడని, మనిషి మిగల్లేదని. 'ఈ ఇల్లు తప్ప నాకు చోటు లేదొదినా' అన్నాడట. కట్టుకథ అన్నాడు మేస్త్రి. నేనూ అవుననే అనుకున్నా.

ఓ రోజు తమ్ముడు పని వెతుక్కుంటూ వెళ్లినప్పుడు, మేస్త్రి కూలీల్ని పెట్టి పెరడూ వాకిలీ మొత్తం తిరగదోడించాడు. పెంకులే దొరికాయి. సాయంత్రం మిలట్రీ వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఎటు చూసినా కొత్తగా తవ్విన మట్టి. నడిమధ్యలో పిల్ల కూర్చుని పిచ్చుకగూళ్లు కడుతోంది. చిన్నాన్నని చూసి లేవబోయింది. 'కదలకు తల్లీ, నేనొస్తున్నా' అన్నాడు, గొంతు పెంచకుండానే. గేటు పక్కనున్న చువ్వ తీసుకుని బోర్లా పడుకున్నాడు. పొడుస్తూ, జరుగుతూ వెళ్లాడు, చెమటకి చొక్కా తడిసి ముద్దయింది. పిల్లని అందుకుని భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెనక్కొచ్చి, అప్పుడే నీళ్లతో వచ్చిన వదిన చేతిలో పెట్టాడు. 'ఇక ఇంట్లోకి నేను రాలేనొదినా' అన్నాడు. అంతే, రోడ్డు పట్టుకుని పోయాడు. మళ్లీ ఎవరూ చూడలేదు.

ఆవిడ గేటు పట్టుకుని ఏడుస్తోంది. అరుగు మీంచి అంతా చూస్తున్న మేస్త్రి మాత్రం పార తీసుకుని, పిల్ల కూర్చున్న చోటికి పరుగెత్తాడు. 'తిన్నగా ఇక్కడికే వచ్చాడు బాబాయ్, చూశావుగా' అంటూ తవ్వడం మొదలెట్టాడు. నడుముల్లోతు తవ్వాడు. నేనా? గోడ దగ్గరే నిలబడ్డా, ఏం బయటపడుతుందో చూద్దామని.

లే, ఆ కిటికీ వెయ్యి. దుమ్మొస్తోంది.