గంటలో ఆకులు

కొత్తగా మొక్కలు నాటిన అడవిలో, కంచె లోపల దూరిన మేకల్ని అదిలిస్తూ వచ్చాడు కాపలావాడు. మేకల ముసలామె బండ మీద కూర్చుని ఉంది.

“మళ్ళీ వచ్చావా అవ్వా? నిన్ననేగా అంత గొంతు చించుకున్నాను! చూడు, ఈ మొక్కకి చిగురన్నది లేకుండా కొరికేశాయి.”

“ఒక్కటేగా నాయనా.”

“రోజుకొక్కటి! పైవాళ్ళు చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది. కంచె బయట మేత లేదా?”

“బోలెడుంది. కడుపునిండా మేసే వచ్చాయి.”

“మరి లోపలికెందుకు తోలావు? పైగా మేక మెడలో ఆ గంటొకటి! దొంగమేపు మేపేవాళ్ళు మోగకుండా గంటలో ఆకులు కుక్కుతారు. ఇన్నేళ్ళుగా మేకలు కాస్తున్నావు, ఆ మాత్రం తెలీదా? ఆ చివర్న ఉన్న నాకు వినపడింది.”

“తెలీకేం? మా ముసలాయన ఉన్నప్పుడు మేమూ కుక్కేవాళ్ళం.”

“మరి ఇప్పుడేమైంది?”

“ఇప్పుడు ఇంట్లో నాతో పలికేవాళ్ళు లేరు. పొద్దుణ్ణించీ నేను విన్న మనిషి గొంతు నీదొక్కటే. గంట మోగకపోతే నువ్వు రావుగా. పోతున్నాలే. తోలుకెళ్తాను.”

“అవ్వా, రేపు కంచె బయటే ఉండు. గంట వినపడితే నేనే వస్తాను.”

“తిట్టడానికేనా?”

“తిట్టడానికే.”

“అయితే సరే. పెందలాడే రా.”